నాలుగో గొట్టం

కారు మేస్త్రీ పరదేశి రోజూ పొద్దున్నే మూడు అట్లు తింటాడు. రెండు కాదు, నాలుగు కాదు, మూడు. చోడవరంలో బస్సులు ఆగే చోట అట్లు పోసే నూకరత్నం మొదట్లో ఒప్పుకోలేదు. మూడు పగవాడికైనా పెట్టకూడదంది. అయితే ఇంకో పెనం చూసుకుంటానని ఆయన లేచాడు. పొద్దున్నే బేరం పోగొట్టుకోలేక ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని మూడోది ఆకులో పడేసింది. ఆరేళ్లుగా అలాగే పడేస్తోంది.

పరదేశి భార్య మంగాయమ్మ బతికున్నన్నాళ్లూ ఆయన ఆకులో మూడు పడలేదు. మూడు గారెలే మిగిలితే ఒకదాన్ని తుంచి నాలుగు చేసేది. అంత జాగ్రత్త మనిషి నలభై నిండకుండా పోయింది. దేవుడి మీద కోపమొచ్చిన వాళ్లు గుడికి వెళ్లడం మానేస్తారు. పరదేశి అట్లు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

పందొమ్మిది వందల యాభై అయిదో సంవత్సరం ఎండాకాలంలో ఒక ఆదివారం సన్యాసమ్మ కారు పరదేశి పాకలోకి వచ్చింది. యుద్ధానికి ముందటి అమెరికా బండి. సన్యాసమ్మ భర్త సత్యారావు దాన్ని చోడవరానికీ మాడుగులకీ మధ్య టాక్సీగా తిప్పేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మరిది బంగార్రాజు తోలుతున్నాడు. ఇంటిల్లిపాదికీ ఆ కారే పొలం, అదే పాడి. బుధవారం బ్రేకు ఇనస్పెక్టరు చోడవరం వస్తున్నాడు. ఆయన చూసి బాగుందని కాగితం రాసిస్తేనే బండి రోడ్డెక్కాలి. లేదంటే ముక్కలుగా అమ్ముకోవడమే.

"బ్రేకు తొక్కితే పక్కకి లాగేస్తంది మావా. వదిలినా కుడి సక్రం పట్టు వదల్దు" అన్నాడు బంగార్రాజు.

పరదేశి గోనె పరుచుకుని కారు కిందికి దూరాడు. బ్రేకు నూనెని చక్రాలకి చేర్చే రబ్బరు గొట్టాలు వేలితో వంచి చూశాడు. పైన మొసలి తోలులా పగుళ్లు. లోపల రబ్బరు ఉబ్బి దారి పూడుకుపోయింది. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"గొట్టాలు మార్చాలి. ముందు సక్రాలకి సెరొకటి, ఎనక ఇరుసుకొకటి. మూడు."

"మూడా?" అంది సన్యాసమ్మ.

"కారు సేసినోడు మూడే పెట్టేడు. నన్నేటి సెయ్యమంటావు?"

సోమవారం తొలి బస్సుకి బంగార్రాజు విశాఖపట్నం వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాడు. పరదేశి కాగితం పొట్లం విప్పాడు. అందులో రెండే గొట్టాలున్నాయి.

"మూడోదేదిరా?"

బంగార్రాజు వదిన వైపు చూశాడు. "రెండే తెమ్మంది మావా. బస్సు కదిలేటప్పుడు కిటికీ కాడకొచ్చి సెవిలో సెప్పింది."

"ముందువి రెండూ మారిస్తే సాలదేటన్నా? ఎనకది ఎవలికీ కనబడదు గదా" అంది సన్యాసమ్మ.

"కనబడందే సంపేది." పరదేశి కారు కిందికి చెయ్యి చూపించాడు. "అన్నిట్లోనూ తిరిగే నూనె ఒకటే. ఎనకది పగిలితే ఉన్న నూనంతా దాన్లోంచే పోద్ది. అప్పుడు నీ కొత్తవి రెండూ ఉత్తి గొట్టాలు. నాలుగు సక్రాలకీ బ్రేకుండదు. మాడుగుల రోడ్డు మీద ఎద్దుబండి అడ్డొచ్చిందనుకో, ఎద్దు కొమ్ములే నీకు బ్రేకు."

"అలాగనకన్నా."

"ఇనస్పెక్టరు తొక్కి సూస్తాడు. అక్కడే పగిలిందా, నీ అదృష్టం. ఆడి ముందు పగలకపోతేనే భయం. రెండే వేసి ఈ బండిని నా పాకలోంచి కదలనివ్వను. తోసుకుపోతానంటే తోసుకుపో."

సన్యాసమ్మ కారు తలుపు పట్టుకుని నిలబడింది. "ఆయన ఆకర్న ఇల్లు దాటినప్పుడు ముగ్గురెల్లేరన్నా, అనకాపల్లి బెల్లం బజారుకి. ముగ్గురొద్దన్నాను. నవ్వేడు. జ్వరంతో ఇంటికొచ్చేడు. తొమ్మిదోనాడు పోయేడు. మూడంటే నాకు కాళ్లాడవు."

ఇంకెవరైనా అయితే అక్కడ ఊరుకునేవారు. పరదేశి ఊరుకునే రకం కాదు.

"ఆయనతో ఎల్లిన ఇద్దరూ ఏటయ్యేరు?"

"ఏటవుతారు? తిరుగుతన్నారు."

"మరి? మా మంగ నా ఆకులో ఏనాడూ మూడు పెట్టనేదు. పోయింది గదా!"

సన్యాసమ్మ కళ్లు తుడుచుకుని ఆయన వైపు సూటిగా చూసింది. "మూడు పెట్టనిది నీ ఆకులో గదన్నా. నువ్వు ఉన్నావు గదా."

బంగార్రాజుకి నవ్వొచ్చింది. మేస్త్రీ మొహం చూసి మింగేశాడు.

పరదేశి గుడ్డ తీసుకుని చేతులు మళ్లీ తుడుచుకోవడం మొదలెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. అయినా చాలాసేపు తుడిచాడు. ఈ ఆరేళ్లలో ఎవరూ ఆ మాట అనలేదు. తనకూ తట్టలేదు. వాదనలో ఓడిపోవడం ఆయనకి అలవాటు లేదు.

"ఒరే, రేపు తొలి బస్సుకి మళ్లీ ఎల్లు. ఇంకో రెండు తే" అన్నాడు చివరికి.

"ఒకటి సాలు గదా మావా?"

"రెండు తెమ్మన్నాను. రెండూ రెండూ నాలుగు. మీ వొదినకి కాళ్లాడతాయి."

మంగళవారం మధ్యాహ్నానికి పరదేశి ముందు చక్రాల గొట్టాలు రెండూ మార్చేశాడు. పాతవి తేలిగ్గా ఊడలేదు. మర తుప్పు పట్టి మూసుకుపోతే కిరసనాయిలు పోసి, నానబెట్టి, రెండు పానాలు ఎదురెదురుగా పట్టి తిప్పాడు. కొత్తవాటి కింద కొత్త రాగి వాషర్లు వేశాడు. గొట్టం మెలిపడకుండా బిగించి, స్టీరింగు ఈ చివరనుంచి ఆ చివరకి తిప్పించి, టైరుకి ఒరుసుకోవడం లేదని వంగి చూశాడు. మూడింటికి బంగార్రాజు ఇంకో రెండు గొట్టాలతో బస్సు దిగాడు. నాలుగు కాకుండానే వెనకది కూడా బిగిసింది.

ఇక మిగిలింది గాలి తీయడం. గొట్టాల్లో బుడగంత గాలి మిగిలినా బ్రేకు పట్టదు. కారు లోపల అడుగు పలక ఎత్తి నూనె పోస్తుండాలి, అది బంగార్రాజు పని. చక్రం దగ్గర గాలి వదలాలి, అది పరదేశి పని. పెడలు తొక్కడానికి మూడో మనిషి కావాలి. ఆ మాట మాత్రం పరదేశి పైకి అనలేదు.

"సన్యాసమ్మా, ఎక్కు. పెడలు తొక్కాలి."

"నేనా? ఆడమనిసినా?"

"కాళ్లాడతాయన్నాను గదా. ఆడించు."

ఆవిడ ఎక్కింది. భర్త కూర్చున్న సీటులో మొదటిసారి కూర్చుంది. వంగి పెడలుని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. అన్నం పెట్టేదాన్ని కాలితో తొక్కడమేమిటని గొణిగింది. తర్వాత తొక్కింది.

"తొక్కేవా?" పరదేశి కారు కిందనుంచి అరిచాడు.

"తొక్కేను."

"అలాగుంచు... వదులు. మళ్లీ తొక్కు."

చక్రం దగ్గర పట్టిన గాజుసీసాలో నూనెలోకి బుడగలు బుడబుడమంటూ వచ్చాయి. ఒక్కో చక్రం దగ్గరికీ పాకుతూ అదే పని చేశాడు. ఆఖరి చక్రం దగ్గర బుడగలు తగ్గి, ఒక్కొక్కటిగా వచ్చి, ఆగిపోయాయి.

"అన్నా! ఇందాక పిండి ముద్ద తొక్కినట్టుండేది. ఇప్పుడు రాయిలాగుంది!"

"అదే బ్రేకంటే."

"ఇది బాగుందన్నా. ఇంకోసారి తొక్కనా?"

కారు కింద పరదేశి నవ్వాడు. అక్కడ ఎవరూ చూడరు గనక నవ్వాడు.

మిగిలిన గొట్టం పాకలోనే ఉంచుతానన్నాడు. సన్యాసమ్మ వద్దంది. "ఇక్కడుంచితే కార్లో మూడే గదా అవుతాయి?" ఆ లెక్కలో తప్పు కనిపించలేదు పరదేశికి. ఆవిడ గొట్టానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, స్టీరింగు పక్కన దారంతో కట్టింది.

"పెళ్లిలో మూడు ముళ్లేయిస్తారు గదా వొదినా. దానికి పర్వానేదేటి?" అన్నాడు బంగార్రాజు.

"అందుకే గదరా బతుకులిలాగున్నాయి" అందావిడ. ఆ ఇద్దరితోపాటు పరదేశి కూడా నవ్వాడు, ఈసారి బయటే.

బుధవారం పదకొండు గంటలకి బ్రేకు ఇనస్పెక్టరు కారెక్కాడు. బక్కపల్చటి మనిషి, నవ్వు తెలియని మొహం. వేగంగా పోనిచ్చి తను చెప్పినప్పుడు తొక్కమని బంగార్రాజుకి చెప్పాడు. పరదేశి, సన్యాసమ్మ రోడ్డు పక్కన నిలబడ్డారు. కారు దూరంగా వెళ్లి, తిరిగి, దుమ్ము రేపుకుంటూ వాళ్ల మీదికే వచ్చింది. సన్యాసమ్మ కళ్లు మూసుకుంది. పరదేశి మూయలేదు. ఆయన చూపంతా వెనక ఇరుసు మీదే ఉంది.

కారు గట్టిగా ఆగింది. పక్కకి లాగలేదు. ఇనస్పెక్టరు దిగి కంకర మీద పడ్డ గీతలు చూశాడు. నాలుగు గీతలు, సమంగా. వంగి కారు కింద చూశాడు. నేల మీద చుక్క నూనె లేదు.

"పని ఎవరు చేశారు?"

"నేనే సార్" అన్నాడు పరదేశి.

ఇనస్పెక్టరు తలూపాడు. కాగితం రాయడానికి సీటులో కూర్చోబోతూ పసుపు గొట్టం చూశాడు. "ఇదేమిటి?"

"నాలుగోది సార్" అన్నాడు బంగార్రాజు.

"ఈ బండికి మూడే కదా."

"అందుకే బాబూ" అంది సన్యాసమ్మ.

ఇనస్పెక్టరు పరదేశి వైపు తిరిగాడు. వారం కిందటైతే పరదేశి ఏమనేవాడో ఊరందరికీ తెలుసు. ఇప్పుడు ముందుకొచ్చి, "స్పేరు సార్" అన్నాడు.

"దారంతో కడతారా? జారి పెడలు కింద పడితే ఆ స్పేరే చంపుతుంది" అని, ఆయన సంతకం పెట్టేశాడు.

మాటలో న్యాయముంది. పరదేశి తీగ తెచ్చి తనే గొట్టాన్ని గట్టిగా కట్టాడు. మూడు చుట్లు చుట్టి, ఆగి, ఇంకోటి చుట్టాడు. మధ్యాహ్నానికే కారు మాడుగుల మనుషుల్ని ఎక్కించుకుని కదిలింది.

మర్నాడు పొద్దున్న నూకరత్నం అలవాటు ప్రకారం మొహం పక్కకి తిప్పుకుని మూడో అట్టు ఆకులో పడేసింది.

"ఇంకోటెయ్యి" అన్నాడు పరదేశి.

ఆవిడ గరిట పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఏటి బావూ, ఒంట్లో బాగున్నాదా?"

"పెనం మాడుతంది. ముందు అట్టు పొయ్యి."

మాటల్లో పడి ఆ అట్టు ఒక పక్క నల్లబడింది. ఆయన ఆ పక్కనుంచే మొదలెట్టి మొత్తం తిన్నాడు.