ఆవకాయ జాడీ కిందికి దిగిన వారం

ఎర్రయ్య కంచంలో ఆవకాయ కనిపించింది. ఏడు నెలలుగా ఆ జాడీ అటక మీద ఉంది. కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పిన రోజే భార్య అప్పయమ్మ దాన్ని అక్కడికి ఎక్కించింది.

"ఏటే ఇది?"

"తినండి. నోటికి రుచుండొద్దేటి?"

ఆయన తినలేదు. బిలాస్‌పూర్ రైల్వే వ్యాగన్ షెడ్డులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. పాడైన వ్యాగన్ మీద సుద్దముక్కతో 'సిక్' అని రాస్తే దాన్ని బాగుచేసేవారు. 'కండెమ్' అని రాస్తే ఇక దానికి ఎవరూ గ్రీజు పెట్టేవారు కాదు.

ఆ రోజు నుంచి ఇంటిని గమనించాడు. బీడీ వాసన వచ్చినా కొడుకు నాగేంద్ర ఏమీ అనలేదు. మందు వేళ దాటినా ఎవరూ గుర్తుచేయలేదు. తను గదిలోకి వస్తే మాటలు ఆగుతున్నాయి. ఆవకాయ దిగడానికి ముందు ఆదివారమే నాగేంద్ర గుడికని చెప్పి దగ్గర్లోని రతన్‌పూర్ వెళ్లాడు. ప్రసాదం తేలేదు.

మంగళవారం మధ్యాహ్నం క్యాలెండర్ వెనక మడిచిన చీటీ దొరికింది. హిందీలో ఉంది. పైన తన పేరు. కింద రతన్‌పూర్ ఆయుర్వేద వైద్యుడి సంతకం. మధ్యలో ఒకటే మాట: అసాధ్య.

మనవరాలు శ్వేత ఆయుర్వేద కాలేజీలో రెండో సంవత్సరం చదువుతోంది. సాయంత్రం ఆమె రాగానే చీటీ చేతికిచ్చాడు.

"దీనికి అర్థమేటి?"

"తాతా, ఇది నీకెక్కడిది?"

"అడిగిందానికి సెప్పు."

శ్వేత కూర్చుంది. "సాధ్ అంటే పని పూర్తిచెయ్యడం. దాన్నుంచే సాధ్యం. మా పుస్తకాల్లో జబ్బులు మూడు రకాలు తాతా. నయమయ్యేది సాధ్యం. నయం కాదు, మగర్ మందుతో నడిచేది యాప్యం. 'వెళ్లడం' అనే ధాతువు నుంచి వచ్చింది. మత్‌లబ్, నడిపించేది."

"అచ్ఛా. మా షెడ్డులో సగం బళ్లు అయ్యే. మూడోది?"

"వైద్యుడు చెయ్యి వెయ్యకూడదనేది. ఇదే."

"నన్ను సూడకుండానే రాసీసాడా?"

శ్వేత గుమ్మం వైపు చూసింది. డ్యూటీ నుంచి వచ్చిన నాగేంద్ర అక్కడ నిలబడి ఉన్నాడు.

"రిపోర్టులు చూపించాను నాన్నా. నిన్ను తీసుకెళ్తే భయపడతావని..."

"కాయితం సూసి బండిని కండెమ్ సేసీస్తారేటిరా? నాను కిందకి దూరి సూసీవోణ్ని. నా తరవాత ఇంకోడు దూరి సూసీవోడు. రెండు సంతకాలు పడితేనే కండెమ్. ఇక్కడొకటే ఉంది."

"రెండోవాడు కూడా ఇదే రాస్తే?"

"రాయనీ. అప్పుడు తింటాను ఆవకాయ."

నాగేంద్ర బూట్లు విప్పకుండానే ఆసుపత్రికి ఫోను చేశాడు. కిడ్నీ డాక్టరు శుక్రవారం పదింటికి రమ్మన్నాడని చెప్పాడు. ఎర్రయ్య ఫోను అడిగి తీసుకుని, ఆ నంబరుకు తనే మళ్లీ చేశాడు. శుక్రవారం, పది గంటలు. నిజమే.

వంటింట్లో స్టూలు లాగిన చప్పుడు వినిపించింది. అప్పయమ్మ జాడీని అటక మీదికి ఎక్కిస్తోంది.

"మాత్రేసుకున్నారా, నాను దిగి రావాలా?" అని అక్కణ్నుంచే అరిచింది.

ఎర్రయ్య మాత్ర కోసం లేచాడు.