మూడు రింగుల్లోపు

ఆ ఇంటికి ఫోను వచ్చిన రోజు చూడ్డానికి పక్కింటావిడా, పై వాటా పెద్దాయనా పనిగట్టుకుని వచ్చారు. మామూలు ఫోనే. ముదురెరుపు రంగు, పన్నెండు మీటలు, మెలికలు తిరిగిన తీగ, చేతినిండా ఉండే బరువైన రిసీవరు. అలాంటిది ఇళ్లల్లో కనబడ్డం మానేసి ఎన్నాళ్లయిందో, అందరికీ ముచ్చటేసింది. పెద్దాయన రిసీవరెత్తి చెవికి ఆనించుకుని కాసేపు ఆ కూత విన్నాడు.

"అబ్బ, ఈ చప్పుడు విని ఎన్నేళ్లయిందండీ!"

"చార్జింగు గొడవ లేదు. కరెంటు పోయినా పనిచేస్తుంది. మాట ఎదురుగా కూర్చుని చెప్పినట్టే ఉంటుంది" అన్నాడు ఇంటాయన. "మాట్లాడామా, పెట్టేశామా, మన పని చూసుకున్నామా. రోజంతా చేతిలో పెట్టుకుని వేలితో తోస్తూ కూర్చునే బాధ లేదు."

"అదృష్టవంతురాలివే అమ్మాయ్. మా ఇంట్లో అన్నానికి పిలిస్తే తలెత్తేవాడు లేడు" అంది పక్కింటావిడ ఇంటాయన భార్యతో.

ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. ఆమెను ఒకప్పుడు మైనమ్మ అని పిలిచేవారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు, పనిలో వచ్చిన పేరు. పెళ్లికి ముందు తొమ్మిదేళ్లు కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేసింది. డాక్టర్లు పంపిన అచ్చుల మీద ముందుగా మైనంతో చిగుళ్లు పోసి, వాటిలో పళ్లు ఒక్కొక్కటే నిలబెట్టి, ఆ మనిషి నవ్వు ఎలా ఉండేదో ఊహించి సర్దడం ఆమె పని. ఆ పనిలో ఆమె చేతికి సాటి లేదనేవారు. పెళ్లయ్యాక మొదటి ఏడు ఉద్యోగానికి వెళ్లింది. రెండో ఏడు భర్తకు ఒంట్లో బాగాలేదని నెల రోజులు ఆగింది. ఆ నెల అలాగే సాగిపోయింది.

భర్త సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ సూపర్‌వైజరు. బెల్టు మీద కదిలిపోయే సీసాల్లో వెంట్రుకంత బీట ఉన్నా పట్టేసి పక్కన పడేస్తాడని పేరు. ఇంటికొచ్చినా ఆ చూపు అలాగే ఉండేది. మైనమ్మ మొబైల్లో ఎవరి మెసేజీ వచ్చిందో, దానికి ఎన్ని నిమిషాలకు జవాబిచ్చిందో చూసేవాడు. ఒకరోజు అది బకెట్లో పడి పాడైంది. బాగుచేయించమంటే, "ఎందుకు? గుమ్మం దాటి వెళ్లేదానివా, పెట్టేదానివా? ఇంటికి లాండ్‌లైను పెట్టిస్తాలే" అన్నాడు. వాళ్లమ్మ టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో ముప్ఫై ఒక్కేళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైంది కాబట్టి, ఆవిడ పేరు మీద అడగ్గానే లైను ఇచ్చారు.

మర్నాటి నుంచే ఆ ఫోను సంగతి మైనమ్మకు తెలిసొచ్చింది.

పదకొండుకోసారి, ఒంటిగంటకోసారి అని వేళంటూ ఉంటే బతికిపోయేది. వేళ లేదు. పొద్దున ఎనిమిదిన్నర మొదలు సాయంత్రం ఐదున్నర దాకా ఎప్పుడైనా మోగేది. మూడు రింగుల్లోపు ఎత్తాలి. నాలుగోది మోగిందంటే సంజాయిషీ చెప్పాలి. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులు కనక ఆవిడ లేవకూడదు, కోడలే ఎత్తాలి. ఎత్తాక వీధి తలుపు గడియ పెట్టి, ఆ చప్పుడు వినిపించాలి. తీగ సరిగ్గా గుమ్మం దాకా అందేది. రిసీవరు గడియకు దగ్గరగా పట్టుకుని, ఇనుప కడ్డీ టక్కున పడేలా తోసేది. అప్పుడు గాని అతను "సరే" అనేవాడు కాదు.

చివరికి కుళాయి తిప్పితే నీళ్ల చప్పుడులో ఫోను వినబడదేమోనని సన్నటి ధార కింద గిన్నెలు కడిగేది. స్నానానికి వెళ్తే తలుపు ఓరగా ఉంచి, ఒంటి మీద సబ్బుతోనే చెవులు రిక్కించి నిలబడేది. మేడ మీద బట్టలారేయడం మానేసింది. పెరటి చివర నిమ్మమొక్క దాకా వెళ్లి రెండు నెలలైంది.

ఫోను మీద మాత్రం ఆమెకు కోపం రాలేదు. ల్యాబులోనూ ఇలాంటిదే ఉండేది. చేతులు అచ్చులు పోసే పిండిముద్దతో, మైనంతో ఉంటాయి కాబట్టి వేలితో తోసే అద్దం ఫోన్లు అక్కడ పనికిరావు. మోచేత్తో రిసీవరును తోసి, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని డాక్టర్లతో మాట్లాడుతూనే పని చేసుకునేది. అదే వస్తువు ఇక్కడ పలుపుతాడు ఎలా అయిందో ఆమెకు అంతుపట్టేది కాదు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం వెనక గదిలో స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తోంది. ఫోను మోగింది. గబుక్కున దిగబోయి కాలు మడతపడి నేల మీద కూలబడింది. కుంటుకుంటూ ముందు గదిలోకొచ్చి ఎత్తేసరికి ఐదో రింగు సగంలో ఉంది.

"ఐదు" అన్నాడు అవతల్నుంచి. హలో లేదు, ఏమీ లేదు.

"ఫ్యాను తుడుస్తున్నానండీ. దిగేసరికి కాలు..."

"వెనక గది నుంచి ఫోను దాకా పదకొండడుగులు. నేను లెక్కపెట్టాను. ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండీ. అత్తయ్యా నేనే."

"ముందు గడియ వేసి వినిపించు. తర్వాత మాట్లాడదాం."

అత్తగారు ఎప్పటిలాగే ఫోను బల్ల పక్కన వాలుకుర్చీలో ఉంది. ఆవిడకు చెముడు. మధ్యాహ్నాలు కునుకు తీస్తుంది. ఆ పొద్దున ఎవరో పాత స్నేహితురాలు ఫోన్ చేస్తే మాట వినబడలేదని, ఫోను వెనకాల ఉన్న చక్రం తిప్పి శబ్దం పూర్తిగా పెంచేసుకుంది. మళ్లీ తగ్గించలేదు. కొడుకు గొంతు గదంతా ఖంగున మోగింది. కోడలు కుంటుతూ గుమ్మం దాకా వెళ్లి, రిసీవరు గడియకు ఆనించి, టక్కున వేసి తిరిగి రావడం ఆవిడ కళ్లు తెరిచి చూసింది. ఇన్నాళ్లూ ఆ గడియ దొంగల భయంతో వేస్తోందనుకుంది.

మైనమ్మ ఫోను పెట్టి, కాలు పట్టుకుని అక్కడే కూర్చుంది.

"రోజూ ఇదేనా?" అంది అత్తగారు.

మైనమ్మ తలూపింది.

"కాలు ఇలా చాపు. చూడనీ." వాచిన చీలమండ వేళ్లతో నొక్కి చూసి, ఆవిడ "మీ ల్యాబు ఎంత దూరం?" అంది.

"రెండు వీధులు అత్తయ్యా. ఏం?"

"అక్కడ ఫోనుందా? నంబరు గుర్తుందా?"

"పదేళ్లు ఎత్తాను. నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

"మన ఫోనుకొచ్చిన కాల్ అక్కడ మోగేలా చెయ్యడం నాకు చిటికెలో పని. నాలుగు మీటలు నొక్కితే చాలు. సాయంత్రం మళ్లీ నొక్కితే ఎక్కడిదక్కడికే."

"తప్పేమో అత్తయ్యా."

"తప్పేముందే? డిపార్టుమెంటువాళ్లు ఇచ్చిన సౌకర్యమే. ఎవరూ వాడుకోక బూజు పట్టి పడుంది."

కాలు నయమయ్యాక ఆమె ల్యాబుకు వెళ్లింది. ల్యాబు యజమానురాలిని ఊళ్లో అందరూ పళ్లక్క అంటారు. ఆవిడ మైనమ్మను చూసి, చేతిలో ఉన్న దవడ అచ్చు బల్ల మీద పెట్టి, "వచ్చావా? కూర్చో. నువ్వెళ్లాక నవ్వే పళ్లు ఒక్క సెట్టు కూడా రాలేదే ఇక్కణ్నుంచి. అన్నీ ఎవరినో తిడుతున్నట్టే ఉంటున్నాయి" అంది. విషయమంతా విని ఇంకేమీ అడగలేదు. ఫోను మైనం గదిలోకి మార్పించి, ఆ గది తలుపుకు ఇనుప గడియ బిగింపించింది.

అలా మొదలైంది. భర్త ఎనిమిదింటికి బస్సెక్కేవాడు. అత్తగారు మీటలు నొక్కేది. ఎనిమిదిన్నరకల్లా మైనమ్మ మైనం గదిలో ఉండేది. ఫోను మోగగానే పళ్లక్క చెయ్యెత్తేది. సానపట్టే మోటార్లన్నీ ఒక్కసారి ఆగేవి. ఆరుగురు మనుషులు ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. ఒక్కోసారి అది ఏ డాక్టరుదో అయ్యేది. "ఏమ్మా, ల్యాబేనా? ఇంత నిశ్శబ్దంగా ఉందేం, ఎవరైనా పోయారా?" అని ఆయన కంగారుపడితే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

మైనమ్మ కూడా నవ్వేది. అయితే ఆ నవ్వు పెదాల దాకానే. ఇక్కడా మూడు రింగుల్లోపే ఎత్తాలి. ఇక్కడా గడియ వేసుకుని వినిపించాలి. పక్క గదిలో కొత్త పింగాణీ రంగులొచ్చాయని పిలిస్తే వెళ్లలేకపోయేది. భోజనం ఆ గదిలోనే, ఫోను పక్కనే. ఇంట్లో ఒక గది నుంచి తప్పించుకుని రెండు వీధులవతల ఇంకో గదిలో కూర్చున్నానా అని అనిపించేది. కాకపోతే ఇక్కడ చేతులు ఖాళీగా లేవు. వేడి మైనం వాసన తగిలితే ప్రాణం లేచొచ్చేది. ఐదు వారాలు అలా గడిచాయి.

ఆ వారం ఒక ముసలి టీచరమ్మకు పై వరస పళ్లు చేస్తోంది. పళ్లు పోయాక తన మాట పిల్లలకు అర్థం కావడం లేదని ఆవిడ ఏడ్చిందట. మధ్యాహ్నం రెండింటికి, ముందరి రెండు పళ్లు అటూ ఇటూ జరుపుతుండగా ఫోను మోగింది. మోటార్లు ఆగాయి.

"ఏం చేస్తున్నావ్?"

"బట్టలు మడతపెడుతున్నానండీ."

"గడియ?"

రిసీవరు తలుపు దగ్గరకు పట్టి గడియ వేసింది. "వేశాను."

అవతల ఊపిరి వినబడింది. "కొలిమి చల్లారిందని ఫ్యాక్టరీలో అందర్నీ పంపేశారు" అన్నాడు నెమ్మదిగా. "ఇంటి గుమ్మంలో నిలబడి మొబైల్లో మాట్లాడుతున్నాను. లోపల ఫోను మోగలేదు. గడియ చప్పుడు నా చెవిలో పడింది గానీ ఈ తలుపు కదల్లేదు. ఎక్కడున్నావ్?"

మైనమ్మ మైనం కత్తి బల్ల మీద పెట్టింది. చెప్పడానికి అబద్ధాలు ఏవో నాలుక చివర దాకా వచ్చాయి. పక్కింట్లో, మందుల షాపులో, మేడ మీద. ఒక్కటీ బయటికి రాలేదు. బల్ల మీద టీచరమ్మ పళ్లున్నాయి. నాలుగింటికి ఆవిడ వాటిని పెట్టి చూసుకోవడానికి వస్తుంది.

"ల్యాబులో ఉన్నాను" అంది. "ఐదు వారాలుగా వస్తున్నాను. పనుంది, ఐదింటికి ఇంటికొస్తాను. తలుపు గట్టిగా కొట్టండి, అత్తయ్యకు వినబడదు."

అతను ఫోను పెట్టేశాడు. ఆమె గడియ తీసి, "మోటార్లు వేసుకోండి" అని కేకేసింది. మైనం కత్తి వేడిచేసుకుని పళ్లు సరిచేసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫోను తీగ గోడలోంచి పెరికేసి ఉంది. తల్లీకొడుకులు ఎదురెదురుగా కూర్చున్నారు. అతను కోడిగుడ్డంత కళ్లు చేసుకుని మైనమ్మను చూశాడు.

"ఇద్దరూ కలిసి నన్ను వెధవను చేశారు. దానికంటే నువ్వే ఎక్కువ, అమ్మా. కన్నకొడుకుని!"

"చేశాను" అంది అత్తగారు. "మీ నాన్న నేను డ్యూటీ దిగే వేళకు ఎక్స్‌చేంజీ గేటు దగ్గర కూర్చునేవాడు. గుర్తుందా?"

"గుర్తులేకేం. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడు. నువ్వంటే అంత ప్రేమ ఆయనకి."

"నేను బయటికి రాగానే చేతి గడియారం చూపించేవాడు. నాలుగు నిమిషాలు లేటు, ఆరు నిమిషాలు లేటు. ఎవడితో మాట్లాడావని ఇంటికెళ్లేదాకా అడిగేవాడు. నువ్వు ఆయన ఒళ్లో ఉన్నావు కాబట్టి నేను నవ్వుతూ వచ్చేదాన్ని. నువ్వది ప్రేమనుకున్నావు. నీకు చెప్పకపోవడం నా పొరపాటు నాన్నా."

అతను లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ రాత్రి అన్నానికి రాలేదు.

మర్నాడు మైనమ్మ మామూలుగానే ల్యాబుకు వెళ్లింది. అతను వద్దనలేదు, వెళ్లమనీ అనలేదు. పదిహేడు రోజులు ఇంట్లో అతని నోటి నుంచి మాట లేదు. గ్లాసు కావాలంటే గ్లాసు కేసి చూసేవాడు. మైనమ్మకు ఆ మౌనం ఫోను కన్నా ఎక్కువ బరువనిపించింది. ఒకటి రెండుసార్లు ఉద్యోగం మానేస్తానని చెప్పేద్దామా అని గది గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చింది. పద్దెనిమిదో రోజు అతనే లైన్‌మాన్‌ను పిలిపించాడు. పగలు అమ్మ ఒంటరిగా ఉంటోంది, ఫోను లేకపోతే కష్టం అన్నాడు లైన్‌మాన్‌తో. ఆవిడ దాన్ని తన మంచం పక్కన పెట్టించుకుంది.

తర్వాత నెలలో ఒకరోజు పని తెమలక ఆమె ఇల్లు చేరేసరికి ఏడు దాటింది. అత్తగారి గదిలోంచి పాత ఆపరేటరు స్నేహితురాలితో పకపకలు వినబడుతున్నాయి. అతను ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని తింటున్నాడు. ఎదురుగా ఇంకో కంచం బోర్లించి ఉంది.

"ఎందుకింత ఆలస్యం?" అన్నాడు, తలెత్తకుండా.

ఒకప్పుడైతే వెళ్లిన దారి, కలిసిన మనిషి, పట్టిన నిమిషాలు అన్నీ వరసగా ఒప్పజెప్పేది. ఇప్పుడూ అవన్నీ గొంతులోకి వచ్చేశాయి. వాటిని మింగేసి, "పని" అంది.

ఇంకా ఏదో చెబుతుందని అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. ఆమె కంచం తిప్పి పెట్టుకుని వడ్డించుకుంది.