అన్నయ్య కుట్టిన గులాబీ

మా వదిన ఫిలొమెన్‌కూ నాకూ నలభై ఏళ్లుగా పడదు. పడదంటే జుట్టూ జుట్టూ పట్టుకుంటామని కాదు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతాం, ఒకరి పూసల పనికి ఒకరం వంకలు పెట్టుకుంటాం. నా పువ్వులు మిషన్ మీద కుట్టినట్టుంటాయని ఆవిడ అంటుంది. ఆవిడ పువ్వులు గాలి తగిలి తూలుతున్నట్టుంటాయని నేనంటాను. ఈ సరస్సు ఒడ్డున ఉండే మా మేటీలను, అంటే ఆదివాసీ తల్లులకూ తెల్ల తండ్రులకూ పుట్టినవాళ్ల సంతతిని, పూసల పువ్వులవాళ్లని పిలుస్తారు. ఆ పేరు నిలబెట్టింది మేమిద్దరమేనని మా ఇద్దరికీ గట్టి నమ్మకం. ఎవరు ఎక్కువ నిలబెట్టారన్న దగ్గరే తగాదా.

మార్చిలో వదినకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. నాలుగైదు మాటలు తప్ప మిగతావి పోయాయి. ఉన్నవాటిలో స్పష్టంగా వచ్చేది "వద్దు". దేవుడు ఏరి ఏరి ఆ మాటనే ఎందుకు వదిలాడా అంటే, నాతో వేగాలి కదా మరి.

అప్పటికి ఆవిడ మనవరాలు రోజలీ కోసం నల్ల మఖమల్‌తో చేతుల్లేని కోటు కుడుతోంది. జూన్‌లో ఆ పిల్ల నర్సు పట్టా పుచ్చుకునే రోజున వేసుకోవాలి. ఎడమవైపు పూర్తయింది. మూడు అడవి గులాబీలు, మొగ్గలు, ఆకులు, కాడల పొడవునా మేం ఎలుక అడుగులని పిలుచుకునే చిన్న చిన్న పూసల గీతలు. కుడివైపు అచ్చం అలాగే రావాలి. అక్కడ సుద్దగీతలు తప్ప ఏమీ లేవు.

"నేను కుట్టేస్తాలే వదినా. నీ పువ్వునే దించేస్తా. నీకే తేడా తెలీదు" అన్నాను.

"వద్దు."

"పిల్ల సగం కోటు వేసుకుని వెళ్తుందా నలుగురిలోకి?"

"వద్దు" అంటూ కోటును ఎడమచేత్తో ఒళ్లోకి లాక్కుంది.

అన్నయ్య అంబ్రోజ్ పొయ్యి పక్కన కూర్చుని ఇదంతా వింటున్నాడు. బతుకంతా చేపలు పట్టినవాడు. మా పనికి రెండు సూదులు కావాలి. ఒకటి పూసలు గుచ్చుకుంటూ పోతే, రెండోది ఆ వరసను రెండేసి పూసలకో కుట్టు వేసి గుడ్డకు పట్టిస్తుంది. ఆ సంగతి అన్నయ్య రోజూ చూస్తున్నదే.

"వలలు బాగుచేసిన చెయ్యి నాది. ఆ రెండో సూదేదో నాకియ్యి ఫిలో" అన్నాడు.

నేను పగలబడి నవ్వాను. "నీ వలలోంచి చేపలు జారినట్టే నీ కుట్లలోంచి పూసలూ జారతాయి అన్నయ్యా!"

"నోర్ముయ్యవే జెనవీవ్."

వదిన మాత్రం వద్దనలేదు.

అలా మొదలుపెట్టారు. ఆవిడ ఎడమచేత్తో పూసలు గుచ్చి సుద్దగీత మీద పరిచి పట్టుకునేది. ఆయన కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని, ఊపిరి బిగబట్టి కుట్టు వేసేవాడు. రెండు ఆకులకే పది రోజులు పట్టింది. సరస్సు మీద మంచు కరిగింది, తోటివాళ్లంతా పడవలు దింపారు, అన్నయ్య వెళ్లలేదు. నెల తిరిగేసరికి ఒక గులాబీ పూర్తయింది. దాని రేకుల్లో ఒకటి పంటినొప్పికి వాచిన దవడలా ఉంది. నాకు దాన్ని చూస్తుంటే చేతులు దురద పెట్టేవి.

మేలో ఒక గురువారం వాళ్లిద్దరూ పట్నంలో డాక్టరు దగ్గరకు వెళ్లి, ఆ రాత్రికి కూతురింట్లో ఉండిపోయారు. వాళ్ల కుక్కకు తిండి పెట్టడానికి వెళ్లాను. కోటు బల్ల మీదే ఉంది. కుక్కకు పెట్టాను. కూర్చున్నాను. కత్తెర తీశాను. సాయంత్రానికి అన్నయ్య గులాబీ పోయింది, నా గులాబీ వచ్చింది. ఎడమవైపు దానికి జోడీగా, వెంట్రుకవాసి తేడా లేకుండా. వాళ్ల మీది ప్రేమతోనే చేశాను. కాస్త పొగరు కూడా ఉంది, ఒప్పుకుంటాను.

మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చారు. అన్నయ్య కోటు చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఫిలో! చూశావా? మొన్న వంకరగా కనబడింది, కళ్లు అలిసిపోయాయి కాబోలు. ఎంత బాగా కుదిరిందో చూడు! ఏమే, ఇప్పుడు నవ్వవే!"

"బాగుంది అన్నయ్యా" అన్నాను.

ఆయన ఈల వేసుకుంటూ కట్టెల కోసం బయటికి వెళ్లాడు. వదిన ఆ పువ్వు మీద బొటనవేలితో ఒక్కసారి తడిమింది. తల ఎత్తి నాకేసి చూసింది. కుట్టుపెట్టెలోంచి కత్తెర తీసి బల్ల మీద నావైపు తోసింది.

"విప్పు."

మార్చి తర్వాత ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు.

"పిల్ల కోసమే చేశాను వదినా..."

"విప్పు." మాట కోసం చాలాసేపు వెతుక్కుంది. "ఇది... మాది."

మనది అనలేదు, మాది అంది. మా మిచిఫ్ భాషలో ఆ రెండూ వేరు. చెయ్యి పోయి, మాట పోయి కూర్చున్న మనిషికి మొగుడి మొద్దుచెయ్యి దొరికితే, దాన్ని కూడా నేనే తీసేశాను. కోటు బాగుపడాలని నేను తాపత్రయపడుతుంటే ఆవిడ అసలు కోటు గురించి ఆలోచించనే లేదు.

కత్తెర పెట్టాను. ఎర్రపూసలు సాసర్లోకి రాలుతుండగా అన్నయ్య కట్టెలతో లోపలికి వచ్చాడు.

"ఏం చేస్తున్నావే! నా గులాబీ!"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేదు. "నీది కాదు అన్నయ్యా. నీది విప్పేసి నిన్న నేను కుట్టాను."

ఆయన కట్టెలు ఒక్కొక్కటే పొయ్యి పక్కన పేర్చాడు. చివరిది పెట్టాక అన్నాడు: "అంటే, బాగున్నది నాది కాదన్నమాట."

పొయ్యి తలుపు తెరిచి ఒక కట్టె లోపలికి తోశాడు.

"పోనీలేవే. నువ్వే కుట్టు. పిల్ల నలుగురిలో వేసుకునేది." కోపంగా అని ఉంటే బాగుండేది. మెత్తగా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

వదిన ఎడమచేత్తో బల్లను చరిచింది. "వద్దు!" సాసర్లోంచి పూసలు ఎగిరి పడ్డాయి. సూది అందుకుని ఒక్కొక్క పూసే గుచ్చింది. ఏడు పూసలకు మూడుసార్లు సూది జారింది. వాటిని సుద్దగీత మీద పరిచి, వేలితో అదిమిపట్టి, మొగుడికేసి చూసింది.

"కుట్టు."

"వంకరొస్తుంది ఫిలో."

"రానీ."

అన్నయ్య చేతులు ప్యాంటుకు తుడుచుకుని కూర్చున్నాడు. మొదటి కుట్టు పడింది. వంకరగానే పడింది. నా వేళ్లు వాటంతటవే కదిలితే ఒళ్లో బిగించి పెట్టుకున్నాను. ఇంక నాకక్కడ పనేముందని లేచి శాలువా అందుకున్నాను.

"టీ" అంది వదిన, తల ఎత్తకుండానే.

"మీకు పెట్టి వెళ్లనా?"

ఆవిడ చిరాగ్గా తల అడ్డంగా ఊపింది. మాట దొరకలేదు. పూసల మీది వేలు తియ్యకుండానే కళ్లు మూసుకుని వెతుక్కుంది. అన్నయ్య సూది ఆపి ఎదురుచూశాడు.

"మనకి."

శాలువా కుర్చీ మీద పడేసి మూడు కప్పులు తీశాను.