నలభై చెంచాలు

మార్చి పద్దెనిమిది. ఆ మధ్యాహ్నం మానసిక ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో బ్రెడ్డు, పల్చటి సూపు, తలా ఒక ఉడికిన గుడ్డు. అన్నీ మర్చిపోయినా రాత్రి డ్యూటీ ఆయాకు ఆ తారీఖు మాత్రం బుర్రలోంచి పోవడం లేదు.

వంటగది వాళ్లు పూటపూటకూ గుట్టలోంచి నలభై చెంచాలు ఏరి పంపుతారు. తిన్నాక లెక్కపెట్టి, నలభై అని రిజిస్టర్లో రాయాలి. ఒక్కటి తగ్గినా పరుపులన్నీ దులపాలి. ఆమె పట్టుదల చూసి పేషెంట్లే 'లెక్కలక్క' అని పేరు పెట్టారు.

ఆ రోజు పొద్దున రావలసిన మనిషి రాలేదు. ఆమె డ్యూటీ పదిహేడో గంటలో పడింది. అంతకుముందే ఒక పేషెంటు ఆమెను చెంప వాచేలా కొట్టింది. అందరూ తిన్నాక ఆయా చెంచాలు రెండుసార్లు లెక్కపెట్టింది. ముప్పైతొమ్మిది. వంటగదిలోనే తక్కువ పంపి ఉంటారులే అని సరిపెట్టుకుని, నలభై అని రాసేసింది.

ఆరో రోజున, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల చెంచా కాడను స్నానాలగది గచ్చు మీద అరగదీసి మణికట్టు కోసుకుంది. ప్రాణం దక్కింది. ఏడు కుట్లు.

అనుమానం సాయంత్రం డ్యూటీ చేసే పెద్ద ఆయా, అందరూ పిన్ని అనే ఆవిడ మీదికి పోయింది. రిజిస్టర్లో ఆవిడవన్నీ కొట్టివేతలే.

ఇంట్లో తిన్నాక ఆయా చెంచాలు లెక్కపెడుతుంటే మొగుడు నవ్వాడు.

"ఏమే, నేనేమైనా పేషెంటునా?"

"నువ్వు కాదు. నేను."

అతను మళ్లీ నవ్వలేదు. గిన్నెలన్నీ తనే కడిగాడు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగుతూ పిన్ని అంది: "నా రాతే నా కొంప ముంచిందే అమ్మాయ్. నీలా ముత్యాల్లా రాసుంటే ఎవరడిగేవాళ్లు? రెండేళ్లలో పెన్షనొచ్చేది."

ఆయా నేరుగా హెడ్ సిస్టర్ గదికి వెళ్లింది.

"పద్దెనిమిదో తారీఖు నలభై అబద్ధం సిస్టర్. రాసింది నేను. పిన్నిని వదిలేయండి."

"ఎందుకొచ్చిన గొడవ తల్లీ? నోరు మూసుకుంటే నిన్నెవరడుగుతారు?"

"ఎవరూ అడగరు. అందుకే నిద్ర పట్టడం లేదు."

హెడ్ సిస్టర్ రిపోర్టు కాగితం ముందుకు లాక్కుంది. "అప్పటికి ఎన్ని గంటలైంది నువ్వు డ్యూటీ ఎక్కి?"

"పదిహేడు."

ఆ మాటా రిపోర్టులో రాసి, కింద గీత గీసింది. "పైవాళ్లు చదువుతారో లేదో చెప్పలేను. ఎంక్వైరీ అయ్యేదాకా రేపట్నుంచి రాకు."

"మరి ఈ పూట?"

"చేసి వెళ్లు. మనుషుల్లేరు."

ఎనిమిదింటికి గదులకు గడియలు పెట్టుకుంటూ వచ్చింది. చివరి గదిలో పిచ్చుక కట్టుకట్టిన చేతిని దుప్పటి కింద దాచుకుంది.

"లెక్కలక్కా, నా మూలంగా తిట్టారా?"

"తిట్టక ముద్దు పెట్టుకుంటారా? పడుకో."

"రేపూ నువ్వేగా?"

ఆయా దుప్పటిని భుజాల దాకా లాగింది. "రేపు పిన్ని ఉంటుంది. గుడ్డు వదిలేస్తే ఊరుకోదు, చూసుకో."

ఇనుప గడియ చప్పుడుకు ఆ పిల్ల రోజూ ఉలిక్కిపడుతుంది. ఆయా తలుపు మూసి, గడియకు చేతిరుమాలు చుట్టి మెల్లగా జరిపింది.