నేలా బండా

బండలు కొట్టించి టెన్నికాయిట్ కోర్టు వేస్తారట. నోటీసు చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. అదీ ఆడపిల్లల ఆటల కోసమేనట. మరి ఆ బండల మీద మేం ఆడుతున్నది ఆట కాదా? నిలబడిన చోటే నిలబడి రబ్బరు రింగు అటూ ఇటూ విసురుకుంటేనే ఆటా?

అది అరవై ఎనిమిదో సంవత్సరం. మా యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ వెనక పెద్ద పెద్ద బండలు వరసగా ఉండేవి. ఎం.ఏ. చదువుతున్నామన్న సంగతి మరిచిపోయి సాయంత్రమైతే వాటి మీద నేలా బండా ఆడేవాళ్ళం. మొదటి బండ నుంచి ఆఖరి బండ దాకా దూకుతూ పరుగెత్తాలి. ఆగకూడదు, ఆగితే కాళ్ళకు భయం తెలుస్తుంది. పాదం నేలకు తగిలితే ఔటు, మళ్ళీ మొదటి బండ నుంచి రావాలి. పడగానే కోపం, ఆ వెంటనే ఇంకొక్కసారి అని ఆశ. అందులో ఏం మందు ఉందో గాని మెస్ గంట కూడా వినబడేది కాదు. చేల గట్లు దూకి పెరిగినదాన్నయినా, ఆఖరి బండకు ముందున్న ఎడం మాత్రం నేను ఒక్కనాడూ దాటలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి రాళ్ళు కొట్టేవాళ్ళు సమ్మెటలతో దిగి ఉన్నారు. మేస్త్రీ సమ్మయ్యను అడిగాను.

"ఒక్కపారి దుంకుత కాకా. గా ఆఖరి బండ ఇప్పటిదాంక నాకు అందలే."

"చాయ్ తాగేదాంక ఆగుతం బిడ్డా. దుంకు," అన్నాడు.

తార్నాక నుంచి వచ్చే నా దోస్తు కామాక్షికి చెప్పులు అప్పగించి, కుచ్చిళ్ళు బొడ్లో దోపుకున్నాను. సగం దాటానో లేదో వార్డెన్ వేదవతి గారు వచ్చి కింద నిలబడ్డారు.

"దిగు భూదేవీ. ఇంత పెద్దపిల్లవి, ఆ గెంతులేమిటి?"

"దిగితే ఔటయిత మేడం."

ఎగతాళికి అనలేదు, నిజంగానే ఔటు. కానీ ఆ మాట చెప్పడానికి ఆగాను, అక్కడే పరుగు చచ్చిపోయింది. ఆఖరి ఎడం దగ్గర దూకు చాలక కింద పడ్డాను. మోకాలు దోక్కుపోయింది.

"చూశావా? నే చెప్పలేదూ?" అన్నారామె. నొప్పి కన్నా ఆ గొంతులోని సంతోషమే నన్ను ఎక్కువ మండించింది. లేచి నడిచాను.

"ఎక్కడికి?"

"మొదటి బండ కాడికి."

"హాస్టల్ సీటు తీయించేస్తాను."

"తీయించుండ్రి. మొగపోరలు గోడలు దుంకి సెకండ్ షోలకు పోతే ఎవ్వని సీటు పోయింది మేడం? పొద్దుగాల బండ మీద దుంకితే నాది పోతదా?"

సమ్మయ్య చాయ్ ఎప్పుడో అయిపోయింది. ఖాళీ గ్లాసు మూతి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు.

ఈసారి ఎవరి మాటకూ ఆగలేదు. ఒక్కొక్క బండా వెనక్కి పోయింది. ఎడం వచ్చింది, దూకాను. అరచేతులు గీసుకుపోయాయి గాని రెండు పాదాలూ ఆఖరి బండ మీదే ఉన్నాయి. కామాక్షి నా చెప్పులు కింద పడేసి చప్పట్లు కొట్టింది.

"అయిందా? ఏం సాధించావమ్మా?" అన్నారు వార్డెన్.

నేను ముందుకే చూస్తున్నాను. సమ్మయ్య గ్లాసు కింద పెట్టి సమ్మెట అందుకున్నాడు. అప్పుడు నాకు ఆమె మీద కూడా కోపం లేదు. దూకడానికి ఎదురుగా ఇంకో బండ లేదే అన్నదొక్కటే కోపం.