తల అడ్డంగా ఊపాను

చంటిపిల్లల గౌన్లు మడతపెట్టడానికి ఏ భాషా అక్కర్లేదు. అందుకే ప్రతి శనివారం, ఈ పరాయిదేశంలో మా పేట సేవాకేంద్రం హాల్లో, వెనకబల్ల దగ్గర ఆ పనే అడిగి తీసుకుంటాను. ఇంట్లో వారమంతా చేసేదీ అదే. ఇక్కడ చేస్తే సేవ అంటారు, అంతే తేడా. పాప నా కాళ్ల దగ్గర గుండీల డబ్బాతో ఆడుకుంటుంది.

ఉచితంగా ఇచ్చే బట్టల కోసం తల్లులు వస్తారు. మూలగదిలో ఇంగ్లీషు తప్ప రాని ఓ రిటైరైన నర్సమ్మ కూర్చుని, ఒంట్లో బాగాలేని పిల్లల్ని చూస్తుంది. వచ్చేవాళ్లది తలో భాష. అందుకని మా వాలంటీర్లకో పద్ధతుంది. గుమ్మం దగ్గర పళ్లెంలో రంగురంగుల బ్యాడ్జీలుంటాయి, ఎవరికొచ్చిన భాషల రంగులు వాళ్లు గుచ్చుకోవాలి. ఇంగ్లీషుకు నీలం, తెలుగుకు పసుపు. పసుపువి రెండున్నాయి. వారం వారం రెండూ పళ్లెంలోనే ఉంటాయి.

మొదటిరోజు దింపడానికొచ్చిన మా ఆయన నీలంది తనే నా భుజానికి గుచ్చాడు. "పసుపు పెట్టుకున్నావనుకో, అటు మాట ఇటు చెప్పమని మధ్యలో నిలబెడతారు. నీ ఇంగ్లీషు బండారం బయటపడుతుంది. నా పరువు తీయకు." ఆయన అన్నది నిజం కావడమే నన్ను ఎక్కువ కుంగదీసింది. పదో తరగతి పరీక్షలకు ముందే చదువు మాన్పించి పెళ్లి చేసేశారు నాకు. "మా కోడలు ఇంగ్లీషులో సేవ చేస్తోంది" అని అత్తయ్య ఫోన్లో అందరికీ చెబుతోందట. గౌన్లు ఇంగ్లీషులో మడతపెడుతున్నానని కాబోలు. పాపతోనూ తెలుగు మాట్లాడకూడదు, దాని చదువూ నా చదువులాగే చట్టుబండలవుతుందంటాడు ఆయన. అందుకే రోజంతా దానికి నేను చెప్పేవి నాలుగు ముక్కలు: కమ్, సిట్, ఈట్, నో. పక్కింటావిడ తన కుక్కతో ఇంతకన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

ఆ శనివారం ఒకావిడ భుజాన పసిగుడ్డు, చేతిలో జ్వరం మందు సీసాతో వచ్చింది. ఒక్కొక్కరి బ్యాడ్జీలే చూసుకుంటూ హాలంతా తిరిగింది. ఆవిడ వెతుకుతున్న రంగేదో నాకు తెలుసు. తల వంచుకుని గౌన్లు చూసుకున్నాను. చివరికి నా బల్ల దగ్గరికే వచ్చి, బ్యాడ్జీ కాదు, నా ముఖం చూసింది.

"అమ్మా, మీకు తెలుగొచ్చా?"

తల అడ్డంగా ఊపాను.

"రాదా? మరి నేనడిగింది ఎలా అర్థమైంది తల్లీ?"

కోపంగా అన్నా బాగుండేది. సీసా సంచిలో వేసుకుని, "పోనీలే, నిన్నటిలాగే చెంచాడు పోస్తా" అని తనలో తను అనుకుంటూ వెళ్లిపోయింది.

చెంచాడు! ఆ బిడ్డకు మూడు నెలలైనా ఉండవు. మా పాపకు ఆ వయసులో నేను చుక్కలు లెక్కపెట్టి పోశాను. అది తెలిసి కూడా నా చేతులు ఒక చెయ్యి లోపలికి, రెండో చెయ్యి లోపలికి అని గౌను మడతపెడుతూనే ఉన్నాయి. ఎవరి పరువు కాపాడుతున్నాను నేను? ఆ మడత పూర్తిచేశాకే పాపను చంకనేసుకుని పరిగెత్తాను. పూర్తిచేశాకే. ఆ సంగతి ఇవాళ్టికీ మింగుడుపడదు.

గుండీలు వదలనని పాప "నో, నో" అని రాగం తీసింది. "ఏడవకమ్మా, మళ్లీ వచ్చేద్దాం" అన్నాను. అది ఠక్కున ఏడుపాపి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు నా నోటివంక చూసింది.

బస్టాపు వైపు వెళ్తున్న ఆవిడ ఇంకా దూరంగా ఉండగానే కేకేశాను. "అక్కా! ఆ మందు చెంచాడు పోయకండి!"

ఆవిడ వెనక్కి తిరిగింది. "ఏం, ఇంతలోనే వచ్చేసిందా తెలుగు?"

పడాల్సిన మాటే, పడ్డాను. "రండక్కా, నర్సమ్మను అడుగుదాం."

గుమ్మం దగ్గర ఆగి నీలం బ్యాడ్జీ తీసి పళ్లెంలో వేశాను. పసుపుది గుచ్చుకున్నాను. అప్పటికే నర్సమ్మ గదిలోంచి మావైపే చూస్తోంది.

"అదెందుకు తీశావు? రెండూ పెట్టుకోవచ్చుగా" అంది పసిబిడ్డ తల్లి.

"అది నాకు రాదక్కా. తప్పులతడకగా అడుగుతాను, నవ్వితే నవ్వనీ. రండి."