అయిపోయింది అనే మీట

చిన్నకోడలు చేసే పని పేరు మొదట్లో పెద్దాయనకు నోరు తిరగలేదు. ఉద్యోగం మానేసి ఇంట్లోనే కూర్చుని ఫోన్లలోకి యాప్‌లు తయారు చేస్తానంటే, "ఆపులా? ఏం ఆపుతాయమ్మా అవి?" అని అడిగాడు. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకోకుండా, "ఇంట్లో అరుపులు ఆపుతాయి మామయ్యగారూ," అంది. కోతలనుకున్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి అదే నిజమై కూర్చుంది.

పెద్దాయన నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసినవాడు. వీధి వైపు గదిలో కిటికీ కింద ఆయన బల్ల ఉండేది. చూపు మందగించాక పనిముట్లు డబ్బాలో సర్దేసి ఆ బల్లను చిన్నకోడలికి వదిలేశాడు. ఆమె దాని మీద కంప్యూటరు పెట్టుకుంది గానీ, వంగే మెడ ఉన్న ఆయన పాత దీపాన్ని తియ్యలేదు, అంచున ఆయన గీసుకున్న గీతల్ని తుడవలేదు. అది చూసిన రోజునే ఆయనకు ఆ పిల్ల మీద సగం గురి కుదిరింది.

మిగతా సగం ఆమె పనితనం చూశాక కుదిరింది. ఆమె చేసేవన్నీ చిన్నచిన్న యాప్‌లు. ఇంటి తాళం ఎవరి దగ్గరుందో చెప్పేది ఒకటి. రేపు పిల్లలు బడికి ఏం పట్టుకెళ్లాలో గుర్తుచేసేది ఇంకొకటి. అన్నిటికంటే పేరొచ్చింది సరుకుల యాప్‌కు. అందులో నూనె, సబ్బు, పాలు అని బొమ్మలుంటాయి. బొమ్మ కింద 'అయిపోయింది' అనే మీట. ఇంట్లో ఉన్నవాళ్లు అది నొక్కితే బయట ఉన్నవాళ్ల ఫోన్లకు కబురు పోతుంది, ఇంటికొచ్చేవాళ్లు తెచ్చేస్తారు. అంతే. "ఎన్నిసార్లు చెప్పాలి?", "నాకెప్పుడు చెప్పావు?" అనే రెండు మాటలూ ఆ ఇంట్లోంచి మూటా ముల్లే సర్దుకుని వెళ్లిపోయాయి. ఏ యాప్‌లోనైనా ఒక్క మీటే పెడుతుందని వీధిలోవాళ్లు ఆమెకు 'ఒక్కమీటమ్మ' అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వమే.

పెద్దాయనకు మరీ నచ్చింది ఆమె పరీక్ష పెట్టే తీరు. కొత్తది చేసినప్పుడల్లా ఎవరో ఒకర్ని కూర్చోబెట్టి ఫోను చేతికిచ్చి, తను పక్కన స్టూలు మీద రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చునేది. చూపించదు, చెప్పదు, సైగ చెయ్యదు. ఒకసారి ఇస్త్రీ అతను ఎక్కడ నొక్కాలో తెలియక పావుగంట తంటాలు పడ్డాడు. అతను సిగ్గుపడబోతే, "తప్పు మీది కాదు, నాది," అని నాలుగు రోజుల పనిని నాలుగు నిమిషాల్లో చెరిపేసింది. చెప్పొచ్చు కదమ్మా అని పెద్దాయన అడిగితే, "చెప్పి చేయించుకుంటే అది మీ ఓపిక అవుతుంది గానీ నా పనితనం కాదు," అంది. బాగుచేసిన గడియారాన్ని మళ్లీ కుదిపి చూసుకోవాల్సి వస్తే అది బాగైనట్టు కాదని నమ్మిన మనిషాయన. ఆ మాటకు ఆయన కడుపు నిండిపోయింది.

అలాంటి పిల్ల కూడా ఒకసారి పప్పులో కాలేసింది.

అత్తగారికి రక్తపోటు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒకటి. ఆవిడకు అక్షరాలు ఆనవు కాబట్టి పెద్దాయనే ఇచ్చేవాడు. గడియారాల పని మానేశాక ఆయనకు మిగిలిన ఉద్యోగం అదొక్కటే. ఆవిడ మాత్ర మింగి నాలుక చాపి చూపించేది, ఆయన తల ఊపేవాడు. ఇలాంటి ఇళ్ల కోసమే చిన్నకోడలు మాత్రల యాప్ చేసింది. వేళకు ఫోను మోగుతుంది. మాత్ర ఇచ్చాక మీట నొక్కితే పచ్చ రంగు వస్తుంది, ఇంట్లోవాళ్లందరి ఫోన్లలోనూ ఆ పచ్చ కనపడుతుంది. సరుకుల యాప్ వాడే మూడు వందల ఇళ్లకూ ఆ వారమే పంపించింది. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్నది ఆమె పద్ధతే. కానీ ఈసారి మామగారి పక్కన స్టూలు వేసుకోలేదు. సరుకుల యాప్‌ను ఆయన మంచినీళ్లు తాగినట్టు వాడుతున్నాడు, ఆయనకు పరీక్షేమిటి అనుకుంది. ఫోన్లో ఎక్కించి ఇచ్చేసింది.

ఆ రోజు పొద్దునే అట్టలో ఆఖరి మాత్ర వాడారు. సాయంత్రం ఫోను మోగింది. తెరిచి చూస్తే మాత్ర బొమ్మ, దాని కింద 'అయిపోయింది' అనే మీట. ఈ పిల్లకు ఎలా తెలిసిందో అని పెద్దాయన ముక్కున వేలేసుకున్నాడు. సంబరంగా నొక్కాడు. బస్సు డిపోలో పనిచేసే పెద్దకొడుకు వచ్చేటప్పుడు తెస్తాడు, మందుల చీటీ ఎలాగూ అతని సంచిలోనే ఉంటుంది. అడగందే అమ్మయినా పెట్టదు గానీ, అడగడం అయిపోయింది కదా.

డిపోలో పెద్దకొడుకు ఫోన్లో పచ్చ రంగు వెలిగింది. అమ్మ మాత్ర వేసుకుందని అతను నిశ్చింతగా పనిలో పడ్డాడు.

మర్నాడు పొద్దున ఫోను మళ్లీ మోగితే, వాడింకా తేలేదని గుర్తుచేస్తోంది కాబోలనుకుని పెద్దాయన మళ్లీ నొక్కాడు. నోరు తెరిచి ఇంకోసారి చెబుదామంటే, ఆ సతాయింపు మాన్పించడానికే కదా కోడలు ఇంత కష్టపడింది అనిపించింది. అత్తగారు కూడా, "తెస్తాడులెండి, డిపోలో తీరిక లేదట," అంది. అలా మూడు రోజుల్లో ఆరుసార్లు నొక్కాడు. నాలుగో రోజు ఆవిడ వంటింటి గడప దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. మోచెయ్యి కమిలింది. డాక్టరు ప్రాణానికి భయం లేదన్నాడు గానీ, మాత్రలు వేసుకోవడం లేదా అని అడిగాడు.

పెద్దకొడుకు ఫోను తీసి చూశాడు. ఆరు పచ్చలు. ఇంటికొచ్చి డబ్బా చూస్తే ఖాళీ అట్ట.

"మూడు రోజులూ నువ్వే నొక్కావా నాన్నా?"

"నేనే నొక్కాను."

"మాత్ర లేకుండా ఎలా నొక్కావు?"

"లేదు కాబట్టే నొక్కాను."

పెద్దకొడుకు ఖాళీ అట్టను మళ్లీ డబ్బాలో పెట్టి మూత వేశాడు. ఆ తీరు చూసి పెద్దాయనకు భయమేసింది. కాసేపటికి మెట్ల మీద నిలబడి, ఆఫీసులో ఉన్న తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతుంటే, తలుపు ఇవతల నుంచి మాటలు వినపడ్డాయి. "నాన్న పని అయిపోయిందిరా. మనమే ఒప్పుకోవడం లేదు," అన్నాడు.

సోమవారం నుంచి రెండు పూటలా నర్సు వచ్చి మాత్రలిచ్చి వెళ్లేలా మాట్లాడేశారు, అప్పటిదాకా పెద్దకొడుకే తెచ్చి ఇస్తానన్నాడు. ఎవరూ పెద్దాయనను ఒక్క మాట అనలేదు. గొంతు తగ్గించి, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడారు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. నలభై ఐదేళ్ల కాపురంలో ఆవిడ ఆయన చేతిలోంచి ఏది తీసుకోవడానికీ వెనకాడలేదు. ఇప్పుడు రెండు మాత్రలకు ఆ చెయ్యి పనికిరాకుండా పోయింది.

మర్నాడు మధ్యాహ్నం చిన్నకోడలు గదిలోకి వచ్చేసరికి పెద్దాయన బల్ల చివర కూర్చుని ఉన్నాడు. పాత గోడగడియారం ఒకటి ముక్కలు ముక్కలుగా విప్పి, ఒక్కొక్క చక్రమే తడుముకుంటూ మళ్లీ బిగిస్తున్నాడు. ఆఖరి మర తిప్పాక గడియారం నడిచింది. ఆయన ముఖం మాత్రం విప్పారలేదు.

"నడుస్తోంది కదమ్మా?" అన్నాడు. "నేను సరిగ్గానే పెట్టాను కదా?"

ఆ అడగడంలో ఆయన ఏం అడుగుతున్నాడో ఆమెకు తెలిసిపోయింది. నిన్నటి నుంచీ 'లేదు కాబట్టే నొక్కాను' అన్న మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. మతి తప్పినవాళ్ల మాటకు ఇంత తీరుగా 'కాబట్టి' ఉండదు. స్టూలు లాక్కుని, ఫోను ఆయన చేతిలో పెట్టి, రెండు చేతులూ చంకల్లో దోపుకుంది.

"ఆ రోజు ఏం చేశారో, ఏమనుకుంటూ చేశారో, అలాగే చెయ్యండి మామయ్యగారూ. నేనేం మాట్లాడను."

ఆయన చేశాడు. మాత్ర అయిపోయిందని ఫోనే కనిపెట్టినందుకు ఎంత ముచ్చటపడ్డాడో, వాడు తేలేదని మళ్లీ మళ్లీ ఎందుకు గుర్తుచేసిందనుకున్నాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె మాట్లాడనన్న మాట నిలబెట్టుకుంది గానీ కన్నీళ్లను నిలబెట్టుకోలేకపోయింది. ఒకే మాట. ఒక యాప్‌లో 'ఇంట్లో లేదు' అని నేర్పింది ఆమే. ఇంకో యాప్‌లో అదే మాటను 'పని పూర్తయింది' అనే అర్థంలో పెట్టిందీ ఆమే. ఈయన చదువుకున్న పాఠాన్ని తు.చ. తప్పకుండా అప్పజెప్పాడు, అంతే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె అందరికీ చెప్పింది. మామయ్యగారి మతికేం కాలేదని, మతి లేకుండా పనిచేసింది తనేనని అంది. పైగా ఈ సంగతి మూడు వందల ఇళ్లకూ తన పేరు పెట్టి రాసి పంపబోతున్నానంది. పెద్దకొడుక్కి ఆ మాట మింగుడు పడలేదు. గుట్టుచప్పుడు కాకుండా మీట మీది మాట మార్చేస్తే పోతుంది కదా, చేజేతులా పేరు పాడు చేసుకోవడం దేనికి అన్నాడు.

"ఇంకో ఇంట్లో కూడా ఒక మామయ్యగారు ఉంటారు బావగారూ," అంది ఆమె. "ఈపాటికి ఆయన్ని కూడా పిచ్చివాడి కింద జమకట్టేసి ఉంటారు. మాట మార్చేస్తే ఆయనకు ఏం తెలుస్తుంది? ఒకే మాటకు రెండర్థాలున్నాయని నేను చూసుకోలేదు. తప్పు నాది."

"రెండు కాదమ్మా, మూడు," అన్నాడు పెద్దాయన కంచంలోంచి తలెత్తకుండా.

మూడోదేమిటో ఎవరికీ తట్టలేదు. పెద్దకొడుకు ఒక్కడే చెయ్యి ఆపి తండ్రి వైపు చూశాడు. ఆ తర్వాత గోడ అవతలి మెట్ల వైపు చూశాడు. అన్నం మధ్యలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఉత్తరం ఆ రాత్రే వెళ్లింది. సాకులేమీ లేవు. 'ఈ మీట నొక్కినవాళ్లు తప్పు చెయ్యలేదు, దాని మీద మాట రాసినదాన్ని నేను తప్పు చేశాను. దయచేసి ఇప్పుడే లేచి మాత్రల డబ్బా చూడండి' అని మాత్రమే ఉంది. రెండు రోజుల్లో పదకొండు ఇళ్ల నుంచి, మా దగ్గరా ఇదే జరిగిందని జవాబులొచ్చాయి. ఒకావిడ మాత్రం, మా నాన్నను నోటికొచ్చినట్టు తిట్టాను, ఇప్పుడే వెళ్లి కాళ్ల మీద పడ్డాను అని రాసింది. చిన్నకోడలు ఆ జవాబును మామగారికి రెండుసార్లు చదివి వినిపించింది. యాప్ వద్దని తీసేసినవాళ్లు నలుగురో ఐదుగురో, అంతే. అసలు ఎవరైనా తప్పు ఒప్పుకోవడం వాళ్లు చూసి చాలా రోజులై ఉంటుంది, అందుకే మిగతావాళ్లు అంటిపెట్టుకున్నారని పెద్దాయన ఉద్దేశం.

ఇక కొత్త మాట కావాలి. ఈసారి స్టూలు ముందే పడింది. 'వేసుకుంది' అని పెడదామంటే, తలుపు గడియ వేసుకుందనుకుంటారేమో అన్నాడు పెద్దాయన. 'మింగింది' అందామంటే, నేనేమన్నా కొండచిలువనా అని అత్తగారు కోప్పడింది. మూడు రోజుల తర్జనభర్జన తర్వాత కొండచిలువే గెలిచింది. దాని పక్కన 'మాత్రలు లేవు' అని ఎర్రగా ఇంకో మీట వచ్చింది. ఒక్కమీటమ్మ పేరు పోయిందే అని పెద్దాయన నొచ్చుకుంటే, పేరుదేముంది మామయ్యగారూ, రెండుమీటలమ్మ అంటారు అని నవ్వేసింది.

సోమవారం పొద్దున నర్సు రాలేదు. రావద్దని పెద్దకొడుకు ముందే చెప్పేశాడట. డిపోకు వెళ్తూ వెళ్తూ కొత్త మాత్రల అట్ట, మందుల చీటీ రెండూ తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. కాసేపు ఆ చేతిని అలాగే పట్టుకుని, "నువ్వే ఇవ్వు నాన్నా," అని వెళ్లిపోయాడు.

ఎనిమిదింటికి ఫోను మోగింది. పెద్దాయన అట్ట చించి మాత్ర ఇచ్చాడు. అత్తగారు మింగి, నాలుక చాపి చూపించింది. ఆయన తల ఊపి, కళ్లద్దాలు సర్దుకుని, మీట మీది మాటను ఒకసారి పైకి చదివి నొక్కాడు. పచ్చ రంగు వచ్చింది.

"అయిపోయిందా మీ పని?" అంది ఆవిడ.

"అప్పుడేనా?" అన్నాడు పెద్దాయన. "ఇంకా సాయంత్రం మాత్ర ఉందిగా."